అమెరికా అధ్యక్షుణ్ణి తూచడం ఎలా? తొలి పార్టీల కాలంతో మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వర్జీనియాలో మాంటిసెల్లో కొండ మీద థామస్ జెఫర్సన్ సమాధి ఉంది. దాని మీద ఏం చెక్కాలో ఆయనే ముందుగా రాసిపెట్టుకున్నాడు: స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం రాసినవాడు, వర్జీనియా విశ్వవిద్యాలయానికి తండ్రి. ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా చేసిన సంగతి అందులో లేనే లేదు. ఆయనకు ముందు అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ అయితే 1815లో ఒక ఉత్తరంలో తన సమాధికి ఒక్క వాక్యం చాలన్నాడు: 1800లో ఫ్రాన్స్‌తో శాంతి చేసుకునే బాధ్యత తన నెత్తిన వేసుకున్న మనిషి ఇక్కడ ఉన్నాడని.

ఇద్దరూ తమ కేసు తామే వాదించుకుంటున్నారు. మనం చేయాల్సింది తీర్పరి పని, అదీ సాక్షులందరూ ఏదో ఒక పక్షం వాళ్లే అయిన కేసులో.

అమెరికా పౌరసత్వం కోసం మనవాళ్లు చదివే ప్రశ్నల్లో 1803లో ఫ్రాన్స్ దగ్గర కొన్న భూభాగం ఏది అన్నది ఒకటి. లూసియానా అంటే సరిపోతుంది. ఆ కొనుగోలులో జెఫర్సన్ గొప్ప ఎంత, అదృష్టం ఎంత, ఆయన ప్రత్యర్థులు కట్టిపెట్టిన వ్యవస్థ ఎంత అని అక్కడ ఎవరూ అడగరు. ఈ వ్యాసం అలా అడగాలనుకునేవాళ్ల కోసం. అక్కడ హైస్కూల్లో చరిత్ర చదివే పిల్లలకూ, వాళ్ల వ్యాసాలు దిద్దలేక టెన్షన్ పడే తల్లిదండ్రులకూ కూడా పనికొస్తుంది.

లింకన్, కెనెడీలను వదిలేసి 1789 నుంచి 1837 దాకా ఉన్న ఏడుగురితో మొదలుపెట్టమని నా సలహా. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, మన్రో, జాన్ క్విన్సీ ఆడమ్స్, జాక్సన్. అమెరికా రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే లేదు. ఆ పార్టీలు పుట్టిందీ, కొట్టుకుందీ వీళ్ల కాలంలోనే. పైగా మొదటి నలుగురి ఉత్తరాలూ, మొదటి ఆర్థికమంత్రి హామిల్టన్ ఉత్తరాలూ అమెరికా జాతీయ పత్రాగారం నడిపే ఫౌండర్స్ ఆన్‌లైన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తేదీ కొడితే ఉత్తరం వస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేయండి

"జాక్సన్ మంచివాడా?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే సాయంత్రానికి వాదన మిగులుతుంది, జవాబు మిగలదు. ఒక అధ్యక్షుడివి మూడు నిర్ణయాలు ఎంచుకోండి. ఒకటి ఆయన అభిమానులు చెప్పుకునేది, ఒకటి శత్రువులు ఎత్తిపొడిచేది, ఒకటి ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. మూడోది అసలు మర్చిపోకండి. ఆడమ్స్ దిగిపోయే ముందు, 1801 జనవరిలో జాన్ మార్షల్‌ను సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఎంపిక చేశాడు. అప్పటికే ఎన్నికలో ఓడిపోయిన అధ్యక్షుడు పెట్టిన మనిషి 1835 దాకా ఆ కుర్చీలో కూర్చుని, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే అధికారం కోర్టుదేనని 1803లోనే స్థిరపరిచాడు. ఆడమ్స్ చేసిన పనుల్లో ఎక్కువకాలం నిలిచింది బహుశా ఇదే.

రెండో అడుగు: పార్టీ పేర్లతో జాగ్రత్త

ఇక్కడ కాలు జారనివాళ్లు తక్కువ. జెఫర్సన్ పక్షం వాళ్లు తమను రిపబ్లికన్లు అనుకునేవాళ్లు. ఇప్పటి రిపబ్లికన్ పార్టీ పుట్టింది 1854లో, రెంటికీ సంబంధం లేదు. పాతవాళ్లను విడిగా గుర్తుపట్టడానికి పుస్తకాల్లో డెమోక్రాటిక్-రిపబ్లికన్లు అని రాస్తారు. అదే పక్షంలోంచి చీలి జాక్సన్ చుట్టూ చేరినవాళ్లే ఇప్పటి డెమోక్రాటిక్ పార్టీకి మూలం. హామిల్టన్, ఆడమ్స్‌లది ఫెడరలిస్టు పక్షం. జాక్సన్‌ను "రాజు ఆండ్రూ" అని ఎగతాళి చేసినవాళ్లు 1834 ప్రాంతంలో విగ్ అన్న పేరు పెట్టుకున్నారు. ఇంగ్లండులో రాజును ఎదిరించిన పక్షం పేరు అది.

కాబట్టి ఇప్పటి రంగులు, రిపబ్లికన్ల ఎరుపూ డెమోక్రాట్ల నీలమూ, ఆ కాలం మీద పూయకండి. బలమైన కేంద్ర ప్రభుత్వం కావాలన్నది ఫెడరలిస్టులు. రాష్ట్రాల హక్కులు అన్నది జెఫర్సన్ పక్షం. తర్వాతి రెండు శతాబ్దాల్లో ఈ వాదనలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ పోయాయి.

మూడో అడుగు: సాక్షి ఎవరి మనిషో కనుక్కోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ.

1790ల నాటి పత్రికలు వార్తాపత్రికలు అనుకుంటే మోసపోతారు. జాన్ ఫెన్నో నడిపిన గెజెట్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్‌కు ఆర్థికమంత్రి హామిల్టన్ శాఖ నుంచి ముద్రణ పనులు వచ్చేవి. దానికి పోటీగా 1791లో నేషనల్ గెజెట్ మొదలుపెట్టిన కవి ఫిలిప్ ఫ్రెనోకు, విదేశాంగమంత్రి జెఫర్సన్ తన శాఖలో అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు. జీతం ఏడాదికి 250 డాలర్లు. అంటే ఒకే మంత్రివర్గంలో ఇద్దరు మంత్రులు, ఇద్దరికీ చెరో పత్రిక, వాటిలో పరస్పరం తిట్లు. మధ్యలో వాషింగ్టన్. మన దగ్గర ఏ పేపరు ఎవరిదో తెలిసి చదివే అలవాటు అందరికీ ఉంది కదా, అదే అలవాటు ఇక్కడా వాడండి. "ఆడమ్స్ రాజరికం తేబోతున్నాడు", "జెఫర్సన్ గెలిస్తే బైబిళ్లు దాచుకోవాల్సిందే" లాంటి మాటలు కనిపిస్తే అవి జరిగినదానికి సాక్ష్యం కావు, జనం దేనికి భయపడేవాళ్లో చెప్పే సాక్ష్యం మాత్రమే.

తర్వాత తేదీ చూడండి. పనికొచ్చే ఉదాహరణ 1790 నాటి విందు. స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పులన్నీ కేంద్రం తన మీద వేసుకోవాలని హామిల్టన్ ప్రతిపాదించాడు. మాడిసన్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో అడ్డుపడ్డాడు. జూన్‌లో జెఫర్సన్ ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. అప్పుల బిల్లుకు అడ్డు తొలగింది, బదులుగా రాజధాని పదేళ్లు ఫిలడెల్ఫియాలో ఉండి ఆ తర్వాత పొటోమాక్ నది ఒడ్డుకు వెళ్లేలా ఒప్పందం కుదిరింది. ఇది మనకు ప్రధానంగా జెఫర్సన్ చెబితేనే తెలుసు. ఇప్పుడు ఆయన ఉత్తరాలు రెండు పక్కపక్కన పెట్టండి. 1790 జూన్‌లో మన్రోకు రాస్తూ, దేశం పరపతి నిలవాలంటే ఇలాంటి రాజీ తప్పదన్నాడు. 1792 సెప్టెంబరులో, హామిల్టన్‌తో పూర్తిగా చెడ్డాక, వాషింగ్టన్‌కు రాస్తూ తనను ఆర్థికమంత్రి మోసగించి పనిముట్టుగా వాడుకున్నాడన్నాడు.

మనిషీ ఆయనే, విందూ అదే, రెండేళ్లలో కథ మారింది. అబద్ధమాడాడని నేను అనను. మధ్యలో ఒక పార్టీ పుట్టింది, దాని నాయకుడికి ఆ విందు ఇబ్బందిగా మారింది. మీ నోట్సులో ప్రతి సాక్ష్యం పక్కనా మూడు సంగతులు రాసుకోండి: ఎవరు, ఏ పక్షం, సంఘటన జరిగిన ఎన్నాళ్లకు.

చివరి అంశం ఎంత అవసరమో జాక్సన్ పేరుతో తిరిగే మాట చూపిస్తుంది. చెరోకీ అనే మూలవాసులకు అనుకూలంగా 1832లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, "మార్షల్ తీర్పు ఇచ్చాడుగా, అమలు కూడా ఆయన్నే చేసుకోమనండి" అన్నాడని ఎక్కడ చూసినా రాస్తారు. అది అచ్చులో కనిపించింది 1860లలో, జాక్సన్ పోయిన చాలా ఏళ్లకు. ఆయన మనసుకు దగ్గరగానే ఉంటుంది, కానీ ఆయన నోటి మాట అని రాయకూడదు.

నాలుగో అడుగు: ఓట్ల లెక్క చేత్తో వేయండి

"ప్రజలు గెలిపించారు" అన్న వాక్యం రాసే ముందు ఏ ప్రజలో చూడండి. 1800 ఎన్నికలో జెఫర్సన్‌కు 73, ఆయన పార్టీకే చెందిన ఆరన్ బర్‌కు 73, ఆడమ్స్‌కు 65 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, అంటే రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల ఓట్లు. అప్పటికి 16 రాష్ట్రాలు. వాటిలో ఐదింట్లోనే ఓటర్లు ఎలక్టర్లను ఎన్నుకున్నారు. మిగతా చోట్ల రాష్ట్ర శాసనసభలే ఎంపిక చేశాయి.

దీనికింద ఇంకో లెక్క ఉంది. రాజ్యాంగం ప్రకారం బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు జనాభాలో కలిపి రాష్ట్రానికి సీట్లు, వాటిని బట్టి ఎలక్టర్లు ఇచ్చేవాళ్లు. ఓటు మాత్రం యజమానిదే. 1790 జనాభా లెక్కల్లో 39 లక్షల మందిలో దాదాపు 7 లక్షల మంది బానిసలు. ఈ నిబంధన వల్ల దక్షిణాదికి దక్కిన అదనపు ఎలక్టర్లు డజనుకు అటూ ఇటూ ఉంటారని చరిత్రకారులు లెక్కగట్టారు. ఆడమ్స్ ఓడింది ఎనిమిది ఓట్ల తేడాతో. తన గెలుపును జెఫర్సన్ తర్వాత ఒక విప్లవంగా వర్ణించుకున్నాడు. ఆ మాట రాయండి, దాని పక్కనే ఈ లెక్కా రాయండి.

జెఫర్సన్, బర్ సమానం కావడంతో వ్యవహారం ప్రతినిధుల సభకు వెళ్లింది. రాష్ట్రానికి ఒక ఓటు, 35 సార్లు తేలలేదు, 36వ సారి 1801 ఫిబ్రవరి 17న జెఫర్సన్ నెగ్గాడు. ఆ చిక్కు మళ్లీ రాకుండా అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ వేర్వేరు ఓట్లు వేసే 12వ సవరణ 1804లో వచ్చింది. పార్టీలు ఉండవనుకుని రాసిన రాజ్యాంగాన్ని పార్టీల కోసం దిద్దుకోవడం అక్కడ మొదలైంది.

1824, 1828 ఎన్నికలకూ ఇలాగే చేయండి. 1824లో జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84. ఎవరికీ మెజారిటీ లేక సభ క్విన్సీ ఆడమ్స్‌ను ఎన్నుకుంది. ఆయనకు మద్దతిచ్చిన హెన్రీ క్లే తర్వాత విదేశాంగమంత్రి అయ్యాడు. "అవినీతి బేరం" అన్న నినాదం జాక్సన్ పక్షం నాలుగేళ్లూ వాడుకుంది. రహస్య ఒప్పందానికి రుజువు లేదు. అయినా ఆ నినాదం పార్టీని కట్టింది. 1824లో సుమారు 3.6 లక్షల మంది ఓటేస్తే 1828లో 11 లక్షలు దాటారు.

ఐదో అడుగు: గొప్పను పంచండి

లూసియానాకు రండి. 1.5 కోట్ల డాలర్లు, 8 లక్షల చదరపు మైళ్ల పైన. దేశం విస్తీర్ణం దాదాపు రెట్టింపు. జెఫర్సన్ దూతలను పంపింది ప్రధానంగా న్యూ ఆర్లీన్స్ ఓడరేవు కోసం. నెపోలియన్ మొత్తం అమ్మేస్తానన్నాడు. ఎందుకంటే ఇప్పటి హైతీలో తిరగబడ్డ బానిసలూ, పచ్చజ్వరమూ కలిసి అతని సైన్యాన్ని తుడిచిపెట్టాయి. అమెరికా ఖండంలో ఫ్రెంచి సామ్రాజ్యం అన్న ఆలోచనే కూలింది. అంటే జెఫర్సన్ ఖాతాలో పడుతున్న ఆస్తిలో కొంత వాటా హైతీ బానిసలది. ఆ దేశాన్ని గుర్తించడానికి మాత్రం ఆయన ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇక డబ్బు. అందులో 1.125 కోట్లు నగదు కాదు, అమెరికా ప్రభుత్వ బాండ్లు. బేరింగ్, హోప్ అనే యూరప్ బ్యాంకులు వాటిని తీసుకుని ఫ్రాన్స్‌కు సొమ్ము అందించాయి. ఆ బాండ్లకు యూరప్‌లో విలువ ఎక్కణ్నుంచి వచ్చింది? 1790లో హామిల్టన్ కట్టిన అప్పుల వ్యవస్థ నుంచి. దాన్నే జెఫర్సన్ పక్షం పదేళ్లు తిట్టిపోసింది. కొత్త భూభాగం కొనే అధికారం రాజ్యాంగంలో కనిపించక జెఫర్సన్ సవరణ ముసాయిదా కూడా రాసి, ఆలస్యమైతే బేరం చెడుతుందని పక్కనపెట్టాడు. 1791లో జాతీయ బ్యాంకు రాజ్యాంగ విరుద్ధమని వాదించింది ఈ జెఫర్సనే. అదే బ్యాంకును అప్పట్లో ఎదిరించిన మాడిసన్ అధ్యక్షుడై, బ్రిటన్‌తో 1812 యుద్ధంలో డబ్బుకు అల్లాడాక, 1816లో రెండో బ్యాంకుకు సంతకం చేశాడు.

నా మట్టుకు ఇవి తప్పులుగా కనిపించవు. సూత్రం మార్చుకోవడం వల్ల దేశానికి మేలు జరిగిందా, ఆ మార్పును ఒప్పుకున్నాడా దాచాడా అని విడివిడిగా చూస్తాను.

అమెరికా ఖండాల్లో యూరప్ దేశాలు ఇక జోక్యం చేసుకోకూడదన్న మన్రో సిద్ధాంతం విషయం త్వరగా చెప్పేస్తాను. 1823 డిసెంబరులో ప్రకటించింది మన్రో, అందులో ముఖ్యమైన ఆలోచన విదేశాంగమంత్రి క్విన్సీ ఆడమ్స్‌ది, అప్పట్లో సముద్రాల మీద దాన్ని నిలబెట్టగలిగింది బ్రిటిష్ నౌకాదళం. పేరు ఒకరిదే మిగిలింది.

ఆరో అడుగు: "ఆ కాలం అంతే" అన్న మాటను పరీక్షించండి

ఇప్పటి కొలతలతో పాతవాళ్లను కొలవకూడదంటారు. సగం ఒప్పుకుంటాను. అయితే ఆ కాలంలోనే ఎదురు చెప్పినవాళ్లు ఉన్నారా అని వెతకండి, ఉంటే ఆ సాకు అంతమేరకు తగ్గుతుంది. మూలవాసులను మిసిసిపీ పడమటికి తరలించే చట్టం 1830లో ప్రతినిధుల సభలో 102–97 తేడాతో గట్టెక్కింది. సెనేటర్ ఫ్రీలింగ్‌హైసెన్ మూడు రోజుల పాటు దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. జాక్సన్ సొంత రాష్ట్రం టెనెస్సీ సభ్యుడు డేవీ క్రాకెట్ వ్యతిరేకంగా ఓటేశాడు. ముగ్గురు మారి ఉంటే బిల్లు వీగిపోయేది. అంటే ఆ కాలానికి రెండు దారులూ తెలుసు, జాక్సన్ ఒకటి ఎంచుకున్నాడు. 1838–39లో చెరోకీల తరలింపులో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. అప్పటికి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్. ఖాతా ఇద్దరిదీ.

బానిసత్వం విషయంలోనూ ఒక్కో మనిషినీ విడిగా చూడండి. ఆడమ్స్ ఎన్నడూ బానిసలను ఉంచుకోలేదు. వాషింగ్టన్ 1793లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టానికి సంతకం చేశాడు, తన సొంత బానిసలు 123 మందికి వీలునామాలో విముక్తి రాశాడు. జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని, విముక్తి ఇచ్చింది కొద్దిమందికే. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల దిగుమతిని ఆపే చట్టానికి సంతకం చేసిందీ ఆయనే. ఒకే మాటతో ముగ్గురినీ మాఫీ చేయడమో, ముగ్గురినీ శిక్షించడమో తీర్పరి పని కాదు.

ఏడో అడుగు: నిర్ణయాల మూల్యం ఎప్పుడు బయటపడిందో చూడండి

జాక్సన్ 1832లో ఆ రెండో జాతీయ బ్యాంకు గడువు పెంచే బిల్లును వీటో చేశాడు, మరుసటి ఏడాది ప్రభుత్వ డబ్బు దాన్నుంచి తీసేయించాడు, 1835లో జాతీయ రుణం మొత్తం తీర్చేశాడు, 1836లో ప్రభుత్వ భూములకు వెండి బంగారు నాణేలే తేవాలన్నాడు. 1837 మార్చి 4న చేతులు దులుపుకుని ఇంటికెళ్లాడు. మే 10న న్యూయార్క్ బ్యాంకులు నాణేల చెల్లింపులు ఆపేశాయి. మాంద్యం, నిరుద్యోగం, అన్నీ వాన్ బ్యూరెన్ మీద పడ్డాయి, 1840లో ఓడిపోయాడు. తప్పంతా జాక్సన్‌ది అనడమూ సరికాదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పెంచడం లాంటి బయటి కారణాలున్నాయి. పదవీకాలం ముగిశాక కనీసం ఐదేళ్ల దాకా చదవకుండా ఆర్థిక తీర్పు రాయవద్దన్నదే ఇక్కడ నా నియమం.

ఎనిమిదో అడుగు: ర్యాంకుల జాబితాలు చివర్లో తెరవండి

ముందే చూస్తే మీ చెయ్యి అటే పోతుంది. ఆర్థర్ ష్లెసింజర్ 1948లో 55 మంది నిపుణులతో చేయించిన మొదటి పెద్ద సర్వేలో జాక్సన్ "మహానుభావుల" వరుసలో ఆరోవాడు. 2000లో సీ-స్పాన్ అనే అమెరికా టీవీ సంస్థ సర్వేలో 13, 2021లో 22. అదే సర్వేలో గ్రాంట్ 33 నుంచి 20కి ఎక్కాడు. చనిపోయిన మనుషులు కొత్తగా ఏమీ చేయలేదు, అడిగే ప్రశ్నలు మారాయి. సీ-స్పాన్ పది అంశాల్లో అందరికీ సమన్యాయం అన్నది ఒకటి. 1948లో అలాంటి గడి లేదు. జాబితాను అధ్యక్షుడి గురించి కాకుండా జాబితా వేసిన తరం గురించి చదివితే బాగా ఉపయోగపడుతుంది.

తొమ్మిదో అడుగు: తీర్పు ఒక పేరాలో రాయండి

"అయినప్పటికీ" అనే మాట ఒక్కసారి కంటే ఎక్కువ వాడకూడదని నాకు నేను పెట్టుకున్న షరతు. లేకపోతే ప్రతి వాక్యమూ రెండో వాక్యాన్ని కొట్టేసుకుంటుంది. ఆడమ్స్ మీద నేను రాసుకున్నది ఇలా ఉంది, దీన్ని కొట్టివేసి మీది రాసుకోండి:

"1798లో ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో దూషిస్తే రెండేళ్ల జైలు, 2,000 డాలర్ల జరిమానా అనే రాజద్రోహ చట్టానికి సంతకం చేశాడు. రక్షణ పొందినవాళ్ల జాబితాలో ఉపాధ్యక్షుడు లేడు, ఎందుకంటే ఆ కుర్చీలో జెఫర్సన్ ఉన్నాడు. చట్టం 1801 మార్చి 3న, ఆడమ్స్ పదవి ముగిసే రోజున, దానంతటదే రద్దయ్యేలా రాశారు. ఇంతకంటే పార్టీ చట్టం ఉండదు. ఆరోపణ నిజమని నిరూపిస్తే శిక్ష లేదన్న నిబంధన అందులో ఉంది, ఇంగ్లండు చట్టం కంటే అది మెరుగు. తిట్టాడని జైల్లో పెట్టిన వర్మాంట్ రాష్ట్రపు ప్రతినిధుల సభ సభ్యుడు మాథ్యూ లయన్‌ను జనం జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు. అయినప్పటికీ ఫ్రాన్స్‌తో యుద్ధం కావాలని సొంత పార్టీ పట్టుబట్టినప్పుడు, గెలుపు చేజారుతుందని తెలిసీ, దూతలను పంపాడు. 1800 సెప్టెంబరు 30న ఒప్పందం కుదిరింది, ఎన్నికకు అక్కరకు రాలేదు. హామిల్టన్ ఆయన మీద తిట్లతో ఏకంగా కరపత్రమే అచ్చేశాడు. పార్టీ చీలింది. ఓడిపోయి, జెఫర్సన్ ప్రమాణస్వీకారానికి ఉండకుండా తెల్లవారుజామునే ఊరు వదిలిపోయాడు. అధికారం మాత్రం రక్తం చిందకుండా అప్పగించాడు. శాంతికి ఎక్కువ మార్కులు, చట్టానికి కోత. 36వ సారి వర్మాంట్ ఓటును జెఫర్సన్‌కు వేసినవాడు మాథ్యూ లయన్."